చెతారా డైరీ నుంచి

మార్చి 25
ఇటలీలోని సలెర్నోలో బస్సెక్కి అమాల్ఫీ రోడ్డు మీద చెతారాలో దిగాను. కొండల సందున ఇరుక్కున్న ఊరు. జనం సుమారు 2,000. కింద చిన్న రేవు. ఈరోజు మరియమ్మకు దేవదూత కబురు తెచ్చిన పండుగ. నెత్తళ్ళ వేట ఈ పండుగతో మొదలై జూలై 22న, మగ్దలా మరియ పండుగతో ముగుస్తుందని ఇక్కడి లెక్క. ఆ నెలల్లో సలెర్నో అఖాతంలో పడ్డ నెత్తళ్ళే ‘కొలతూరా’కు, అంటే ఉప్పులో ఊరిన నెత్తళ్ళ నుంచి దించే రసానికి, పనికొస్తాయి.

ఏప్రిల్ 19
రాత్రంతా దీపాల పడవలు. వెలుగుకి చేప పోగవుతుంది, చుట్టూ వల వేస్తారు. పొద్దున ఉప్పు వేసే గదిలో నిలబడి చూశాను. ఒక పెద్దావిడ బొటనవేలితో నెత్తల్లి తల గిల్లి లాగితే పేగు కూడా దాని వెంటే వచ్చేసింది. కత్తి ముట్టుకోలేదు. చెక్క తొట్టిలో ఒక తల పక్కన ఒక తోక వచ్చేలా వరసగా పేర్చి, ముతక ఉప్పు చల్లి, మళ్ళీ వరస. నిండాక చెక్క మూత వేసి, పైన సముద్రపు రాళ్ళు పెట్టారు. మన తీరంలో నెత్తళ్ళను ఇసుక మీద ఎండబెడతారు. ఇక్కడ ఆవకాయలా ఊరబెడతారు.

మే 6
రోడ్డు పక్కనే రాతి బురుజు. సముద్రం మీంచి వచ్చే దాడులను కనిపెట్టడానికి కట్టింది. 1534లో తురుష్క నౌకాదళం ఈ ఊరివాళ్ళను బందీలుగా పట్టుకుపోయింది. తర్వాతి కాలంలో బతుకుదెరువు కోసం ఊరే కదిలింది. చెతారా జాలరులు ఫ్రాన్సులోని సేత్ రేవుకీ, అల్జీరియా తీరానికీ వలసపోయారు. వెళ్ళినచోటా వలే వేశారు.

జూన్ 29
సెయింట్ పీటర్ పండుగ. ఆయనా జాలరే కదా, ఊరిని కాచే పునీతుడు ఆయనే. విగ్రహాన్ని రేవు దాకా ఊరేగించి తెచ్చారు. తిరిగి గుడికి చేరాక, మోసేవాళ్ళు ఒక్క ఊపున పరుగెత్తుతూ మెట్లెక్కారు. పక్కనున్న ముసలాయన ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను.

జూలై 22
నెత్తళ్ళ వేట కాలం అయిపోయింది. రేవులో ఇప్పుడు ట్యూనా పడవల సందడి. డబ్బంతా ట్యూనాలోనే. ఆ చేప దూరాన జపాన్ దాకా పోతుంది.

అక్టోబర్ 11
ప్రాచీన రోమన్లు చేప పేగులతో ‘గారుమ్’ అనే పులుసు పులియబెట్టేవారు. కొలతూరాకు అదే మూలమంటారు. మధ్యయుగంలో ఇక్కడి సన్యాసులు చెక్క తొట్లలో నెత్తళ్ళు ఊరబెడితే, సందుల్లోంచి కారిన రసంతో మళ్ళీ మొదలైందని ఊళ్ళో చెప్పుకుంటారు. 2020లో యూరోపియన్ యూనియన్ దీనికి ప్రాంతీయ గుర్తింపు ముద్ర ఇచ్చింది. తొమ్మిది నెలలైనా ఊరాలన్నది అందులో ఒక నియమం.

డిసెంబర్ 24
క్రిస్మస్ ముందు రాత్రి మాంసం ముట్టరు. నన్ను భోజనానికి పిలిచిన ఇంట్లో స్పగెట్టి ఉడికించే నీళ్ళలో ఉప్పు వేయలేదు. పచ్చి వెల్లుల్లి, ఆలివ్ నూనె, పార్స్‌లీ, తేనె రంగు కొలతూరా నాలుగు చెంచాలు కలిపారు, అంతే. ఆ రసం వాళ్ళ తొట్టిదే. అడుగున బరమాతో చిల్లు పెట్టి చుక్కచుక్కగా దించారు. ఒకప్పుడు దీన్ని అమ్మేవాళ్ళు కాదు, పండక్కి బంధువులకు పంచేవారు. ఈ ఇంట్లో ఇప్పటికీ పంచుతున్నారు. ముద్ర పేరును కాపాడుతుంది. రుచిని కాపాడేది ఇలాంటి ఇళ్ళే. ఈ ఊరి చరిత్ర రాసేవాళ్ళు బురుజు కన్నా ముందు వంటింటికి వెళ్ళాలి.