ముల్లు నిలవనీయండి

మా పల్లె ఒంగోలుకు దగ్గర్లో, గుండ్లకమ్మ పక్కన. తమ పెద్దల నోట విన్న ధాత కరువు సంగతులు మా చర్చిలోని ముసలివాళ్లు మాకు చెప్పేవారు. 1876-78 నాటి ఆ కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వడానికి పోయిన కూలీలను పైవాళ్లు పీడిస్తుంటే, మిషనరీ క్లౌ దొరగారు సుమారు 3 మైళ్ల పని తానే కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు సరైన కూలి ఇప్పించారట. ఆ వెనుకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా పల్లెలో విశ్వాసం గురించి చెప్పాలంటే కూలి న్యాయం గురించి కూడా చెప్పాల్సిందే.

నా చిన్నతనంలో మాకు తెలిసిన కూలి పొగాకు పని. బ్యారన్లలో క్యూరింగ్ అయిన ఆకును రంగును బట్టి ఏరడానికి మా ఆడవాళ్లు కొట్టాలకు పోయేవారు. బడి లేని రోజుల్లో నాయనమ్మ వెంట నేనూ వెళ్లేవాణ్ణి. ఆకు బంక పట్టి ఆమె వేళ్లు నల్లబడేవి. ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేత్తో కలిపి పెట్టిన ముద్ద మొదట చేదుగా తగిలేది.

సాయంత్రం కాటా దగ్గర వరస కట్టేవారు. ఏరిన బరువును బట్టి కూలి. గుమాస్తా ముల్లు ఊగుతుండగానే తట్ట దింపించి, తనకు తోచిన అంకె రాసుకునేవాడు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తేవారు కాదు. ఒకనాడు నాయనమ్మ తట్ట మీద చెయ్యి వేసి, "ముల్లు నిలవనీయండి బాబూ, నిలిచినాక రాసుకోండి" అంది. గొంతు పెంచలేదు. ఆ రోజు తూకం సరిగానే పడింది. మర్నాటి నుంచి ఆ కొట్టంలో ఆమెకు పని లేకుండా పోయింది.

ఆ రాత్రి ప్రార్థనలో ఆమె జరిగిందంతా దేవునికి చెప్పింది, దొంగ తూకం ఆయనకు అసహ్యమని గుర్తుచేసింది. తర్వాత ఆ గుమాస్తా పిల్లల కోసం కూడా ప్రార్థించింది. పక్కన మోకాళ్ల మీద ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యి మీద పెట్టడానికి మాకే బియ్యం తక్కువ. అయినా స్త్రీల సమాజానికి తీసే పిడికెడు బియ్యం ఆ వారం కూడా తీసి పక్కన పెట్టింది.

కొన్నాళ్లకు గుమాస్తా ఇల్లు కాలింది. "దేవుడు చూశాడు" అని మావాళ్లు సంబరపడ్డారు. నాయనమ్మ మాత్రం, "అట్టా అనబాకండి. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులా? కాదని ప్రభువే చెప్పలా?" అని కసిరింది. పాత దుప్పటి ఒకటి మడిచి వాళ్లింటికి పంపింది.

దేవుని తీర్పును నమ్మడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. అన్యాయాన్ని మొహం మీదే అన్యాయమని చెప్పాలి, అది మన పని. అవతలివాడికి ఎప్పుడు, ఎంత శిక్ష అన్నది ఆయన పని. వాడికి కష్టం వస్తే అది ఫలానా పాపానికే వచ్చిందని తేల్చే అధికారం మనకు లేదు. పైగా ఆ న్యాయాధిపతి ముందు రేపు మన లెక్కా చూపించాలి కదా.

ఈనాటికీ ఆఫీసులో కష్టం ఒకరిది, పేరు మరొకరిది అవుతుంది. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు విడిపోతారు. అడగాల్సిన చోట అడుగుదాం. కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తే ఎక్కుదాం. కానీ దేవుడు నీతిమంతుడని నమ్మినవాళ్లం, అవతలివాడి ఇంట్లో దీపం ఆరిపోవాలని మాత్రం కోరుకోవద్దు.