గోదావరి మొగ నుంచి ఉత్తరాలు

ధవళేశ్వరం

నాన్నగారికి,

కోనసీమ అంచున ఉన్నది గోదావరి కట్టిన తీరం. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి, వరద రోజుల్లో తెచ్చిన ఒండ్రును సముద్రపు ఒడ్డున దించుతుంది. వేల ఏళ్లుగా నేల ముందుకు జరిగింది అలాగే. 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు దిగేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతా మట్టిలో చాలా భాగం ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. తీరం కోతకు గురైతే సముద్రాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

కోరంగి

నైరుతి గాలుల నెలల్లో అల ఒడ్డును ఏటవాలుగా తాకుతుంది. ఎక్కేటప్పుడు ఇసుకను పక్కకు తోస్తుంది, దిగేటప్పుడు నేరుగా వెనక్కి లాగుతుంది. ప్రతి అలకూ రేణువు కాస్త ఉత్తరానికి జరుగుతుంది. చలికాలంలో దిశ తిరగబడినా, ఏడాది మొత్తమ్మీద ఉత్తరానిదే పైచేయి. కాకినాడకు ఎదురుగా సుమారు 16 కిలోమీటర్లు సాగిన హోప్ ఐలాండ్ ఈ ఇసుకతోనే పెరిగింది. దాని చాటున కెరటాల జోరు తగ్గి మడ అడవి నిలిచింది. మడచెట్ల మొదళ్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిక్కిన శ్వాసవేళ్లుంటాయి. పోటునీరు వాటి మధ్య నెమ్మదించి, మోసుకొచ్చిన బురదను అక్కడే వదిలేస్తుంది. 1839 తుఫానుకు ధ్వంసమైన కోరంగి రేవును ఆ తర్వాత ఇలాంటి పూడిక కూడా దెబ్బతీసింది.

ఉప్పాడ

పెరుగుతున్న హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె దగ్గరే ఇసుక ఆగిపోతే, దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు వచ్చేది తగ్గుతుంది. ఇక్కడ ఇళ్లు, గుళ్లు, రోడ్డు ముక్కలు సముద్రంలో కలిశాయి. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన భారీ సంచులు పేర్చి, రాళ్లు పోసి గోడ కట్టారు. తుఫాన్లకు అదీ దెబ్బతింది. గోడ తన వెనుక ఉన్న రోడ్డును కాపాడవచ్చు గానీ, గోడను కొట్టి మళ్లే అల ముందున్న ఇసుకను కోసుకుపోతుంది. పడవ లాగడానికి, వల ఆరేయడానికి బీచ్ కావాల్సిన మత్స్యకారులకు అది చిన్న నష్టం కాదు.

విశాఖలో దారి వేరు. ఔటర్ హార్బర్ అడ్డుగోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఆపుతాయి కనుక, రేవు దగ్గర తవ్విన ఇసుకను ఆర్.కె. బీచ్ వైపు పోస్తుంటారు. ఉప్పాడలోనూ రాళ్లకు ముందు ఆలోచించాల్సింది ఇసుక గురించే. అయితే ఒకసారి పోస్తే చాలదు. అలలు తీసుకెళ్లినప్పుడల్లా మళ్లీ పోయాలి.