బాత్‌రూమ్ ఎస్టిమేట్: అడుగున ఉన్న టోటల్ ఒక్కటే చూడకండి

ఈసారి వరి గురించి కాదు, బాత్‌రూమ్ గురించి రాస్తున్నాను. నవ్వకండి, చివరిదాకా చదవండి.

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. ఎముక విరగలేదు గానీ, 78 ఏళ్ల మనిషి, అప్పట్నుంచీ ఒక్కతే వెళ్లడానికి భయపడిపోయేది. కింద కూర్చునే బేసిన్ తీసేసి కమోడ్ పెట్టిద్దాం, టైల్స్ కూడా మార్పిద్దాం అనుకున్నాం.

ఇద్దరు మేస్త్రీలని పిలిచాను. ఒకాయన 1,38,000 రాశాడు. రెండో ఆయన 96,000. "42 వేలు తేడా నాన్నా, ఇంకా ఆలోచనేంటి" అన్నాడు మా అబ్బాయి. నాకూ అలాగే అనిపించింది.

కానీ కోత మిషన్ సంగతి గుర్తు చేసుకోండి. గంటకి ఎంత అని అడుగుతాం. చేలో తడి ఉంటే ఎకరానికి ఎన్ని గంటలు పడుతుందో అడగం. చివరికి తక్కువ రేటు మిషనే ఎక్కువ తినేస్తుంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. 96 వేల కాగితంలో పాత గచ్చు పగలగొట్టడం లేదు, ఆ చెత్త ఎత్తిపోయడం లేదు, టైల్స్ కింద వాటర్ ప్రూఫింగ్ లేదు. కమోడ్, కుళాయిలు మనమే కొనుక్కోవాలంట. అవన్నీ విడిగా కనుక్కుని కలిపితే 1,31,000 అయ్యింది.

తర్వాత టేపు పట్టుకుని మొదటాయన కాగితం చూశాను. టైల్స్ 320 చదరపు అడుగులు అని రాశాడు. మా బాత్‌రూమ్ 6 బై 8. నేల 48 అడుగులు. గోడలు చుట్టూ 28 అడుగులు, 7 అడుగుల ఎత్తుకి 196. తలుపు తీసేస్తే 178. మొత్తం 226. విరిగేవాటికి నూటికి పది కలిపినా 250 దాటదు. అడుగుకి కూలితో కలిపి 90 రూపాయలు, 70 అడుగులకి 6,300.

"ఆయ్, అందరికీ ఇలాగే రాస్తామండీ" అన్నాడు. "అందరూ కొలవరు కదా బాబూ" అన్నాను. నవ్వేసి దిద్దాడు. 1,31,700 అయ్యింది. చూశారా, ఇద్దరూ ఒక్క చోటికే వచ్చారు.

ఇంకో సంగతి. ఇద్దరూ సెప్టిక్ ట్యాంకు పైపు పంట బోదెలో కలుపుతామన్నారు. ఆ నీళ్లు దిగువ రైతు చేలోకే కదండీ పోయేది. నేను ఒప్పుకోలేదు, ఇంకుడు గుంత రాయించాను. బోరుకి తగినంత దూరం ఉండాలి. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక మన ఊళ్లలో కాస్త తవ్వితే నీరు పడుతుంది కాబట్టి, కాలవలు కట్టేశాక మే నెలలో పని పెట్టుకున్నాను.

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18. పాత లెక్కలో వేశారేమో అడగండి.

ఇంత లెక్క చూశానని నేను మురిసిపోతుంటే, అమ్మ ఒక్కటే అడిగింది. "నేను పట్టుకోడానికేమైనా పెడతారా నాయనా?" రెండు కాగితాల్లోనూ లేదు. నాక్కూడా తట్టలేదు. ఎవరికోసం చేయిస్తున్నామో ఆవిడ మాటే ఎవరం అడగలేదు. రెండు స్టీలు పట్టుగొమ్ములు, జారని గరుకు టైల్స్, గడప లేకుండా గుమ్మం అప్పుడు రాయించాను.

పని మొదటాయనకే ఇచ్చాను, డబ్బు నాలుగు విడతల్లో. వాటర్ ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందే, జాలీకి గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టాం, చేలో కట్టినట్టే. ఒక మూల బయట గోడకి చెమ్మ కనపడింది. మళ్లీ కోటింగ్ వేయించాకే రెండో విడత ఇచ్చాను.

ఎస్టిమేట్ చేతికి రాగానే రాసింది కాదండీ, రాయనిది వెతకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

ఇప్పుడు అమ్మ ఒక్కతే వెళ్లొస్తోంది.