ఓబీ గుట్ట మీద అడవి

ఇల్లందు, మణుగూరు వైపు వాళ్లకి ఓబీ గుట్ట అంటే చెప్పక్కర్లేదు. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పైనున్న మట్టి, బండలు తవ్వి పోసిన గుట్ట. మా దగ్గరి గుట్ట మీద నీలగిరి, సుబాబుల్, కానుగ పెంచారు. ఆదివారం హాస్టల్ పిల్లలం అక్కడికే నడుస్తాం. గాలి బాగుంటది, ఫోటోలు బాగొస్తయి. నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు.

మొన్న సెలవుల్లో మా అవ్వను తీసుకెళ్లా. అంతా తిరిగి, "ఇప్ప ఏది? తునికి ఏది? ఏమీ ఏరుకోలేని అడవేందిరా" అన్నది. నేను నవ్విన గానీ ఆ మాట పోలేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో ఇప్పపువ్వు, తునికాకు సేకరించే హక్కు మనకుంది. చెట్టే లేకుంటే ఆ హక్కుతో ఏం ఏరుకోవాలె?

వచ్చే గ్రామసభలో ఇప్ప మొక్కల మాట నేనే ఎత్తుతా, నాకూ ఓటుంది. మీ ఊరి గుట్ట మీద ఎవరైనా అడిగి నాటించుకున్నారా? అర్జీ ఎట్ల రాశారో చెప్పండి.