మంచుబండి నేర్పిన పాఠము



"చల్లనిగాలి వేడిగాలికంటె సాంద్రమైనది" అను వాక్యమును నేను ఇరువది సంవత్సరములుగా నల్లబల్లపై వ్రాయుచున్నాను. మీలో ననేకులు దానిని పరీక్షలలో వ్రాసి మార్కులు పొందిరి. అయితే ఆ వాక్యము నాకే పూర్తిగా వంటబట్టలేదని 2017వ సంవత్సరపు క్రిస్మసు సెలవులలో తెలిసికొంటిని. ఆ వృత్తాంతమును దాచక మీకు చెప్పుచున్నాను.

నా తమ్ముడు కెనడాదేశమున, సుపీరియరు సరస్సు తీరమందలి థండర్ బే పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చటివారు మంచుపై స్నోమొబైలు అను బండి నడపుదురు. దానికి ముందు రెండు స్కీలు, వెనుక చక్రములకు బదులు నిరంతరము తిరుగు వెడల్పైన రబ్బరుపట్టా ఉండును. ఆ పట్టాను ట్రాకు అందురు. ఈ బండి కేవలము వినోదమునకై పుట్టినది కాదు. క్యూబెక్ రాష్ట్రపు వాల్‌కూర్ గ్రామమున జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అను మెకానిక్కు ఉండెను. 1934వ సంవత్సరపు శీతకాలమున అతని రెండేండ్ల కుమారుడు, దారులు మంచుతో మూసికొనిపోయి ఆసుపత్రికి చేర్చ వీలులేక మరణించెను. ఆ తండ్రి పట్టుదలతో కృషిచేసి, 1937లో పట్టాతో నడచు మంచుబండికి పేటెంటు పొందెను. 1959లో స్కీ-డూ అను చిన్నబండిని వెలువరించెను.

ఇప్పటి క్రొత్తబండ్లలో పెక్కింటికి పెట్రోలును కంప్యూటరే కొలిచి పోయును. నా తమ్ముడు కొన్నదో కార్బ్యురేటరుగల పాత టూ-స్ట్రోకు బండి. కార్బ్యురేటరు గాలిని, పెట్రోలును తగుపాళ్లలో కలుపు సాధనము. బండిని పూర్తివేగమున నడపునపుడు పెట్రోలు ముఖ్యముగా మెయిన్ జెట్టు అను చిన్న ఇత్తడిబిళ్ల రంధ్రముగుండ వచ్చును. దానిపై అంకె పెరిగినకొలది రంధ్రము పెద్దది.

ఒకనాటి సాయంకాలము పొరుగింటి వృద్ధ మెకానిక్కు వచ్చి, "రేపు చలి సున్నకు క్రింద ముప్పది డిగ్రీలకు దిగును. పెద్దజెట్టు వేసికొనుడు" అని చెప్పిపోయెను. నేను తమ్మునితో, "చక్కగా నడచు యంత్రమును విప్పనేల? పెట్రోలు తగ్గినచో వేడియు తగ్గును గదా, ఇంజనుకు మేలే" అంటిని. "సైన్సు మాస్టరువు నీవే చెప్పిన తరువాత ఇంకేమున్నది అన్నయ్యా!" అని వాడు పనిముట్ల పెట్టె మూసివేసెను.

మరునాడు గడ్డకట్టిన సరస్సుపై బయలుదేరితిమి. బండి మునుపటికంటె హుషారుగా పరుగెత్తెను. నేను లోలోన గర్వించితిని. గాలికి మంచు కొట్టుకొనిపోయి గాజువలెనున్న చోట ట్రాకు పట్టుదప్పి, బండి అడ్డముగా తిరిగెను. ఎట్లో నిలద్రొక్కుకొని మరల వేగముగా సాగునంతలో ఇంజను కీచుమని ఆగిపోయెను. రెండుమైళ్లు కాలినడకన ఇల్లు చేరితిమి. అప్పటికి తమ్ముని ఎడమచెవి తెల్లబడి స్పర్శ కోల్పోయియుండెను.

ఆ వృద్ధుడు ఇంజను విప్పి అల్యూమినియపు పిస్టను చూపెను. దాని తలపై కరగి చిల్లుపడియుండెను. అతడు నన్ను ఒక్కమాటయు అనలేదు. అదియే నాకు ఎక్కువ సిగ్గు కలిగించెను.

సున్నడిగ్రీల యొద్ద ఒక ఘనమీటరు గాలి తూకము సుమారు 1.29 కిలోలు, సున్నకు క్రింద ముప్పది డిగ్రీల యొద్ద సుమారు 1.45 కిలోలు. ఆ ఇంజను మ్రింగిన గాలి నూటికి పండ్రెండువంతులు పెరిగినది. పెట్రోలు ఆ మేరకు పెరుగలేదు. పొయ్యిలో కట్టెలు తగ్గించిన మంట తగ్గునను వంటింటి లెక్కను నేను ఇంజనుకు వర్తింపజేసితిని. కాని అచ్చట కొంత అధికముగా వచ్చు పెట్రోలే ఆవిరియగుచు లోపలిభాగములను చల్లార్చును. నూనెను పెట్రోలులోనే కలిపి పోయు బండిలో పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. గాలి పలుచనగు ఎత్తైన పర్వతములపైననో ఇందుకు విరుద్ధముగా చిన్నజెట్టు వేయవలెను.

తరువాత అతడు స్పార్కుప్లగ్గును చదువుట నేర్పెను. పింగాణి తెల్లబారినచో పెట్రోలు చాలదు. మసిపట్టి నల్లబడినచో ఎక్కువ. పాలుపోసిన కాఫీవర్ణమున నున్న సరిపాలు. పూర్తివేగమునకు మెయిన్ జెట్టు, నడిమివేగమునకు సూది, నిలుకడకు పైలట్ జెట్టు: దేని లోపము దానియందే సరిదిద్దవలెను.

ట్రాకు విషయమునను అట్టి వివేకమే కావలెను. లోతైన మెత్తని మంచుకు రెండంగుళములు, అంతకు మించిన రబ్బరుపండ్లుగల ట్రాకు తగును. గట్టిపడిన బాటలకును, మంచుగడ్డకును ఇంచుమించు ఒకటింబాతిక అంగుళపు పండ్లు చాలును. వానికి స్టడ్డులు, అనగా కొనయందు కార్బైడుగల ఉక్కుమేకులు, బిగింతురు. వాని మొన రబ్బరుపంటికి పైన సుమారు మూడెనిమిదవ వంతు అంగుళము నిలువవలెను. ట్రాకు గుడ్డపొరలు ఆ మేకులను భరింపగలవో లేదో ముందే చూడవలెను. మొనలు పైరేకును చీల్చకుండ ఎడముండవలెను. "ఇన్నూరు మేకులు కొట్టిన భయమే యుండదు గదా!" అని నేననగా వృద్ధుడు నవ్వి, "వెనుక పట్టు మిక్కుటమై ముందు స్కీల క్రింది కార్బైడుకమ్ములు చాలనిచో, మలుపులో బండి తిరుగదు, తిన్నగా చెట్లలోనికి పోవును" అనెను. తమ్ముడు తొంబదియారు మేకులతో తృప్తిపడి, స్కీలకు తగిన కమ్ములు వేయించెను.

చిల్లుపడిన ఆ పిస్టను ఇప్పుడు నా తరగతిబల్లపై నున్నది. తమ్ముని చెవి నేటికిని చలిగాలి తగిలినంతనే నొప్పిపెట్టునని ఉత్తరములలో వ్రాయుచుండును. కావున బిడ్డలారా, ఇకమీదట నేను ఒక సూత్రము చెప్పినపుడు, "ఇది ఎక్కడ పనిచేయును మాస్టరుగారూ?" అని నన్ను అడుగుడు. నాకు తెలియనిచో తెలియదని చెప్పెదను. తెలిసినవారి యొద్దకు మీతోకూడ నేనును వచ్చెదను.