ఫిల్మ్‌నగర్‌లో రనౌటు తగువు

జూబ్లీ హిల్స్ దాటి బండరాళ్ళ నడుమ ఫిల్మ్‌నగర్ ఎక్కుతుంటే సినిమా కబుర్లే చెవిన పడతాయనుకుంటాం. దైవసన్నిధానం దిగువన టీ బంకు దగ్గర నాకు వినిపించింది మాత్రం క్రికెట్టు తగువు! 2019 మే 12న ఉప్పల్‌లో జరిగిన ఐ.పి.ఎల్. ఫైనలు. ధోనీ రనౌటును మూడో అంపైరు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ఒక కోణంలో బ్యాటు గీత దాటినట్టూ, మరో కోణంలో దాటనట్టూ. చివరికి అవుటన్నాడు. మన అంబటి రాయుడు ఆడిన చెన్నై జట్టు ఒక్క పరుగుతో ఓడింది.

"ఆ ఒక్క పరుగూ ఎవరిస్తారండీ?" కుర్రవాడొకడు ఇంకా కుములుతున్నాడు.

పక్కనున్న ఎడిటరుగారు గ్లాసు దించారు. "సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, బాబూ. ఒకదాంట్లో చెయ్యి తలుపుమీద ఉంటుంది, మరుదాంట్లో ఉండదు. ఆ మధ్య ఏం జరిగిందో కెమెరాకీ తెలియదు."

"తెలియనప్పుడు అవుటెలా ఇస్తాడండీ?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కుర్రవాడి ప్రశ్నే సబబనిపించింది. అతను ఫోను తీసి ఆ రనౌటును మళ్ళీ మొదటినుంచి తిప్పాడు.