వీపు మీద ఉత్త అట్ట

పోస్టు కొంచెం పెద్దగుంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఆదివారం సైకిల్ ఫోటోలు చూసి చాలామంది అడుగుతున్నరు. "అన్నా, ఇంతకుముందు వీపు మీద అట్టకు పేరు రాసుకునేటోడివి, ఇప్పుడు ఉత్త అట్టే కనబడుతున్నది, ఏంది కథ?" అని. ఫోన్‌లో ఒక్కొక్కరికి చెప్పుడు కష్టం, అందుకే ఇక్కడ రాస్తున్న.

నేను దుబాయ్ వచ్చి 19 ఏండ్లు. స్టీల్ ఫిక్సర్‌గా వచ్చిన, ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. మా అమ్మ బీడీలు చేసి మమ్మల్ని సాదింది. ముట్లు ఆగిపోయిన పదేండ్లకు మళ్లీ రక్తం కనబడితే ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఏడాది దాచింది. దవాఖానకు పోయేసరికి గర్భసంచి క్యాన్సర్ ముదిరింది. నేను లీవ్ దొరికి ఇల్లు చేరేసరికి మూడొద్దులు కూడా అయిపోయినయి. (ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే, అట్ల రక్తం కనబడితే ఆ వారమే డాక్టర్‌కు చూపించుకోండి. సిగ్గు పడొద్దు.)

మా సైట్‌లో ఒక ఇంగ్లండ్ ఇంజనీర్ ఉండె. సైకిల్ పిచ్చోడు. వాళ్ల దేశంల క్యాన్సర్ వచ్చినోళ్ల పేరు వీపుకు కట్టుకొని తొక్కుతరు, తెలిసినోళ్లు చందాలిస్తరు, ఆ పైసలు దవాఖానలకు పోతయి అని చెప్పిండు. అమెరికాల బిల్లీ స్టార్ అని ఒకాయన తల్లి క్యాన్సర్‌తో పోయినంక 1980ల 36 మందితో ఇట్లాంటిదే మొదలుపెట్టిండట, ఇప్పుడు అది వేల మంది తొక్కే పెద్ద రైడ్ అయింది. తల్లి కోసం అనంగనే నాకు మనసుల పడ్డది.

కానీ ఇక్కడ పర్మిషన్ లేకుండా చందా వసూలు చేస్తే నేరం. జరిమానా లక్షల దిర్హాములు. కొత్తగ వచ్చిన తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, వాట్సాప్ గ్రూపుల అడిగినా తప్పే. అందుకే నా లెక్క నేను పెట్టుకున్న. కిలోమీటర్‌కు ఒక దిర్హం, నా జేబుల నుంచే. అల్ ఖుద్రా ఎడారి ట్రాక్ ఒక చుట్టు 50 కిలోమీటర్లు. ఎండాకాలం తెల్లారుజామున నాలుగింటికే ఎక్కుత, ఎండ ముదిరేలోపు దిగుత. కొమ్ముల జింకలు అడ్డమొస్తయి, బెల్ కొట్టినా కదలవు, మన ఊరి బర్లే నయం.

ఆ పైసలు మా దిక్కు పేషెంట్ల ఖర్చులకు పంపుత. ఆరోగ్యశ్రీ మీద ట్రీట్‌మెంట్ ఫ్రీ అయినా, హైదరాబాద్‌ల రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, వారాల తరబడి పోవాలె. పేషెంట్‌కు తోడు ఒక మనిషి. రూము, తిండి, ఆటో, పోయిన కూలి. సగంల ఆపేసి ఇంటికొచ్చేది ఇక్కడనే.

టైల్స్ డబ్బా అట్ట కోసి, మార్కర్‌తో పేరు రాసి, చెమటకు తడవకుండ ప్లాస్టిక్ కవర్ల పెట్టి పిన్నీసులు కొడుత. మొదటిది అమ్మ పేరు. తర్వాత మా చుట్టాల్ల ఒక అక్కకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. కీమో నడుస్తున్నది. ఆమె పేరు రాసుకొని తొక్కి, ఫోటో పెట్టిన. మూడు వందల లైకులు. నాకు ఛాతి ఉబ్బింది, అబద్ధమెందుకు.

నాలుగో రోజు బావ ఫోన్. "ఎవర్ని అడిగి పెట్టినవ్ రా?" అన్నడు, ఇంకో మాట లేదు. వాళ్ల బిడ్డకు సంబంధం మాట్లాడుతున్నరట. పిల్లగాని వాళ్లు ఆ ఫోటో చూసి, తల్లికి ఉంటే బిడ్డకు కూడా వస్తదని వెనక్కి పోయిండ్రు. నేను తర్వాత ఇక్కడ ఒక డాక్టర్‌ను అడిగిన. రొమ్ము క్యాన్సర్ వందల ఐదు నుంచి పది మందికే వంశం నుంచి వస్తదట. అది వాళ్లకు ఎవరు చెప్పాలె? ఫోటో తీసేసిన, కానీ అప్పటికే ఎన్ని ఫోన్లల్లకు పోయిందో. ఆ పిల్ల సంబంధం ఇప్పటికీ కుదరలేదు.

అక్కకు ఫోన్ చేసి ఏడ్చిన. ఆమె తిట్టలేదు. "తమ్మీ, నువ్వు మంచికే చేసినవ్. కానీ ఊరికి చెప్పాల్నా వద్దా అని నేనింకా అనుకోనేలేదు గదా" అన్నది. అమ్మ దాచిందని బాధపడ్డోన్ని, ఈమె విషయం ఈమెకంటే ముందు నేనే బయట పెట్టిన.

రెండు నెలలు సైకిల్ ముట్టలేదు. పైసలు మాత్రం పంపిన. ఒకరోజు అక్కనే ఫోన్ చేసింది. "తొక్కుతలేవట? కీమో ఎక్కిచ్చుకొని పండుకున్నప్పుడు, మా తమ్ముడు ఇప్పుడు ఆ ఇసుకల తొక్కుతుంటడు అనుకునేదాన్ని. పేరు రాయకు. తొక్కు" అన్నది.

గందుకే ఉత్త అట్ట. ఇప్పుడు ఎవరి కోసమైనా ముందుగల్ల వాళ్లనే అడుగుత. ఇద్దరు రాయమన్నరు, రాసిన. మిగిలినోళ్లు వద్దన్నరు.

ఈ పోస్టు పెట్టే ముందు అక్కకు ఫోన్‌ల చదివి వినిపించిన. రెండు లైన్లు తీసెయ్యమంది, తీసేసిన. పాత ఫోటో చూసినోళ్లకు ఎవరో తెలుసు. దయచేసి కామెంట్లల్ల పేరు రాయకండి. ఆపరేషన్ అయింది, రేడియేషన్ నడుస్తున్నది. సోమవారం 14వ సిట్టింగు. నేను ఆదివారం 50 తొక్కుతున్న, డీఐపీ క్యాంపు నుంచి ఎవరైనా వస్తే పికప్‌ల ఇంకో సైకిల్‌కు జాగా ఉంది. హెల్మెట్ తెచ్చుకోండి.